వంశ కళంకాలకు కాలపరిమితి: ఒక విన్నపం

మా ఇంటి అటక మీది ఇనప్పెట్టెలో ఒక పాత గ్రూపు ఫోటో దొరికింది. అందులో రెండు వరుసల్లో తొమ్మిది మంది ఉన్నారు. ఎనిమిది మందీ ఒక చెయ్యీ ఉన్నారంటే లెక్క ఇంకా సరిగ్గా ఉంటుంది. వెనక వరుసలో కుడి చివర నిలబడి ఉండవలసిన మనిషిని ఎవరో తల నుంచి నడుము దాకా ఎంతో ఓపికగా కత్తిరించి తీసేశారు గాని, అతడు పక్కవాడి భుజం మీద వేసిన చెయ్యి మాత్రం, మణికట్టూ నాలుగు వేళ్లూ సహా, అక్కడే ఉండిపోయింది. నిర్దోషి అయిన భుజాన్ని గాయపరచకుండా ఆ చేతిని తొలగించే ఉపాయం కత్తెరకు తోచలేదు కాబోలు. ఇది ఎవరి చెయ్యని మా మేనత్తను అడిగాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ఫోటోను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "చెదలు తినేసినట్టున్నాయిరా" అన్నారు. చెవి వంపు దగ్గర వంపు తిరిగి, భుజం దగ్గర నిదానించి, ఒక్క మనిషిని మాత్రమే తిని తక్కిన ఎనిమిది మంది జోలికి పోని ఇంత క్రమశిక్షణ గల చెదపురుగులు మా వంశంలో ఉండేవని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆలోచించి చూస్తే ఇటువంటి చెదపురుగులు లేని వంశమే ఉండదు. నదీమూలం, ఋషిమూలం అడగరాదని పెద్దలు కట్టుదిట్టం చేశారు గాని, అటక మీది పెట్టె సంగతి అందులో చేర్చడం మరచిపోయారు. ఫలితంగా, కాస్త తీరిక దొరికిన ప్రతివాడూ వంశవృక్షం గీయడానికి కూర్చుంటాడు. పై కొమ్మన ఒక మహారాజు దొరుకుతాడని ఎక్కుతాడు, మధ్య కొమ్మన ఇద్దరు భార్యలకు రెండు పేర్లతో ఉత్తరాలు రాసిన తాత తగిలి జారుతాడు. ఈ అనర్థానికి మూలం రహస్యాలు ఉండటం కాదని, వాటికి ఒక గడువంటూ లేకపోవడమేనని నా నిశ్చితాభిప్రాయం. తండ్రి దొంగ అయితే ఆ మాట ఇంట్లో ఎత్తకూడదు, తాత దొంగ అయితే ఆయన "వ్యాపారంలో దెబ్బతిన్నారు", ముత్తాతకు తాత దొంగ అయితే మాత్రం అతిథి కుర్చీలో సర్దుకోకముందే ఆ కథ మొదలవుతుంది. పరువు తక్కువ పని ఏ తరంలో, ఏ తారీఖున వీరగాథగా మారుతుందో చెప్పే నియమం ఏదీ లేకపోవడం వల్ల, ఎప్పుడు తల దించుకోవాలో ఎప్పుడు మీసం మెలివేయాలో తెలియక కుటుంబాలకు కుటుంబాలే అవస్థ పడుతున్నాయి.

అటువంటి నియమం సాధ్యమేనని ఆస్ట్రేలియా ఎప్పుడో రుజువు చేసింది. 1788 నుంచి 1868 దాకా, ఎనభై ఏళ్ల పాటు, బ్రిటన్ దాదాపు 1,62,000 మంది ఖైదీలను ఓడలెక్కించి అక్కడికి పంపింది. వారిలో చాలామంది చేసినవి చిల్లర దొంగతనాలే. అయినా వారి పిల్లలూ మనవలూ దాన్ని "ఖైదీ మచ్చ" అనుకుని నోరు విప్పలేదు, ముత్తాత సంకెళ్లతో దిగిన ఓడను టిక్కెట్టు కొనుక్కుని దిగిన ఓడగా మార్చి పిల్లలకు చెప్పుకున్నారు. మరి నేడో, పాత ఖైదీల పట్టికలో తమ ఇంటిపేరు వెతుక్కునేవారు, అది కనబడకపోతే బిక్కమొహం వేస్తున్నారు. ఆ ఖైదీలను ఉంచిన 11 స్థలాలను యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. దొంగతనం చేసినవాడికి ఏడేళ్ల శిక్ష, అతడి వంశానికి సుమారు నూరేళ్ల మౌనం, ఆ తరువాత శాశ్వత గౌరవం: ఇంత స్పష్టమైన పూర్వోదాహరణ ఉండగా మనం ఇంకా తటపటాయించడం భావ్యం కాదు.

అయితే కాలం ఒక్కటే అన్ని మరకలనూ ఉతకలేదని ఒప్పుకోవలసి వస్తోంది. ప్రముఖుల వంశమూలాలు వెతికి చూపించే ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో హాలీవుడ్ నటుడు బెన్ అఫ్లెక్ 2014లో పాల్గొన్నాడు. తన పూర్వీకుల్లో ఒకడు బానిసలను ఉంచుకున్న సంగతి మాత్రం చూపించవద్దని నిర్వాహకులను కోరాడు, వారు చూపించలేదు, మరుసటి ఏడాది ఈ-మెయిళ్లు బయటపడి ఆ కథంతా లోకానికి తెలిసింది. సిగ్గుపడి అలా అడిగానని అతడే ఒప్పుకున్నాడు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది, అంటే దాదాపు నూట యాభై ఏళ్లు గడిచినా గడువు తీరలేదన్నమాట. కారణం ఊహించడం కష్టం కాదు. దొంగిలించబడిన గొర్రెకు వంశవృక్షం ఉండదు, ఉన్నా అది వచ్చి సాక్ష్యం చెప్పదు. అమ్మబడిన మనిషికి మునిమనవలు ఉంటారు, వారికీ ఒక పెట్టె ఉంటుంది, అందులో కాగితాలుంటాయి.

అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ వంశం ఈ విషయంలో మా మేనత్తకు గురుస్థానంలో నిలుస్తుంది. మనుషులంతా సమానులుగా పుట్టారని 1776లో రాసిన ఆ మహానుభావుడి ఇంట్లో శాలీ హెమింగ్స్ అనే బానిస స్త్రీ ఉండేది. ఆమె ఆయన చనిపోయిన భార్యకు సవతి చెల్లెలేనని చరిత్రకారులు చాలామంది చెబుతారు. ఆమె పిల్లలకు జెఫర్సన్ పోలికలు ఎలా వచ్చాయన్న ప్రశ్నకు జెఫర్సన్ మనవలు చెప్పిన సమాధానం, అది ఆయన మేనల్లుళ్ల నిర్వాకమని. శాలీ సంతతివారు మాత్రం తమ ఇళ్లలో వేరే కథ చెప్పుకుంటూ వచ్చారు. 1998లో జెఫర్సన్ తండ్రి సోదరుడి మగ సంతతి డీఎన్‌ఏనూ, శాలీ చిన్న కొడుకు ఎస్టన్ సంతతి డీఎన్‌ఏనూ పక్కపక్కన పెట్టి చూస్తే అవి కలిశాయి, మేనల్లుళ్ల డీఎన్‌ఏ కలవలేదు. పాపం మేనల్లుళ్లు, తరాల తరబడి ఆ ఇంటి చెదపురుగులుగా పనిచేసి విశ్రాంతి పొందారు.

ఈ డీఎన్‌ఏ పరీక్ష వచ్చాక కుటుంబ పెద్దల అధికారానికే ముప్పు వచ్చింది. పూర్వం ఒక రహస్యం బయటపడాలంటే ఎవరైనా మరణశయ్య మీద నోరు జారాలి. ఇప్పుడు పుట్టినరోజు కానుకగా వచ్చిన చిన్న గొట్టంలో ఉమ్మి పోస్తే చాలు, కొన్ని వారాల్లో నీతో 25 శాతం రక్తం పంచుకున్న మనిషి ఫలానా ఊళ్లో ఉన్నాడని కబురు వస్తుంది. ఆ 25 శాతం మనిషి సవతి అన్న కావచ్చు, బాబాయి కావచ్చు, తాతే కావచ్చు, అంకె అందరికీ ఒకటే గనుక ఆ తేడా తేల్చవలసిన బాధ్యత భోజనాల బల్ల దగ్గర తండ్రిగారి మీద పడుతుంది. ఎవరూ ఉమ్మకపోయినా ప్రయోజనం లేదు. కాలిఫోర్నియాలో దశాబ్దాల పాటు దొరకని ఒక హంతకుడు 2018లో పట్టుబడ్డది, అతడి దూరపు బంధువులు సరదాకి ఒక వంశావళి వెబ్‌సైటులో పెట్టుకున్న డీఎన్‌ఏ వివరాల వల్లనే. పట్టుబడ్డవాడు ఒకప్పటి పోలీసు కావడం వేరే సంగతి.

ఇక రాజులను వెతుక్కునేవారి విషయం. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న మాట వీరిని చూసే పుట్టి ఉంటుంది. పది తరాలు వెనక్కి పోతే ఒక్కొక్కరికి 1,024 మంది పూర్వీకుల స్థానాలుంటాయి, వాటిలో ఒకచోట రాజు కూర్చున్నాడనుకుంటే తక్కిన 1,023 మందీ ఏం చేస్తూ ఉండేవారో ఎవరూ అడగరు. ముప్పై తరాలకు ఆ అంకె 107 కోట్లు దాటుతుంది. ఆ కాలానికి ప్రపంచ జనాభా మొత్తం కలిపినా అందులో సగం కూడా లేదు. అంటే ఒకే మనిషి పలు కొమ్మల మీద పలుమార్లు కూర్చున్నాడనీ, దూరపు చుట్టాలు తెలియకుండానే ఒకరినొకరు పెళ్లాడుతూ వచ్చారనీ అర్థం. అంత వెనక్కి పోతే రాజు దొరకకపోవడమే వింత.

పోనీ దొరికిన రాజైనా నికరమైనవాడా అంటే అదీ చెప్పలేం. 1485లో యుద్ధంలో చనిపోయిన ఇంగ్లాండు రాజు మూడో రిచర్డ్ ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో ఒక కారు పార్కింగు కింద దొరికాయి. ఆయన సోదరి ఆడ సంతతి ద్వారా ఇవి ఆయనవేనని తేలింది గాని, మగ వరుసలో బంధువులమనుకున్నవారి డీఎన్‌ఏ మాత్రం ఆయనతో కలవలేదని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఆ అయిదు వందల ఏళ్లలోనో, అంతకు ముందో, ఏదో ఒక అంతఃపురంలో ఎవరో ఒక పెద్దావిడ "చెదలు" అనే ఉంటారు. సింహాసనానికి ఏమీ కాలేదు, పార్కింగులో మాత్రం ఒక బండి స్థలం తగ్గింది.

నిజానికి వంశవృక్షాల్లో అన్నిటికన్నా పెద్ద కత్తిరింపు ఒకటుంది, దానికి కత్తెర కూడా అక్కరలేదు. చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ వంశావళి ప్రపంచంలోకెల్లా పొడవైనదని ప్రతీతి, అందులో 2009 నాటి ముద్రణలో 20 లక్షల పైచిలుకు పేర్లున్నాయి, ఆడవారి పేర్లు చేర్చడం మాత్రం అదే మొదటిసారి. రెండు వేల ఏళ్లకు పైగా ఆ వంశం తల్లులు లేకుండానే ఎలా వర్ధిల్లిందో ఏ శాస్త్రజ్ఞుడూ ఇంకా పరీక్షకు పెట్టలేదు.

కాబట్టి నా ముసాయిదా ఇది. చిల్లర దొంగతనానికి నాలుగు తరాలు. ఇల్లు వదిలి పారిపోయి వేరే పేరుతో బతికినవారికి మూడు, వారు పాటలు కూడా పాడి ఉంటే రెండు. రెండో సంసారానికి, ఆ సంసారంలోని పిల్లలు పలకరించిన రోజుతో గడువు తీరినట్టే లెక్క. మనుషులను కొన్నవారికీ అమ్మినవారికీ గడువు లేదు, వారి సంతతి దరఖాస్తు పెట్టుకోనక్కరలేదు. అప్పులు ఎగ్గొట్టినవారి విషయం మాత్రం, అప్పులిచ్చినవారి మనవలు బతికి ఉన్నంతకాలం పెండింగులో ఉంటుంది.

ఈ ముసాయిదాను తీసుకుని, ఫోటో కూడా వెంటబెట్టుకుని, మళ్లీ మేనత్త దగ్గరికి వెళ్లాను. మొత్తం చదివి వినిపించి, ఈ లెక్కన ఆ చేతి తాలూకు మనిషి ఎప్పటికైనా గౌరవనీయుడు కావలసినవాడేనని, కనుక పేరు చెబితే నష్టం లేదని నచ్చజెప్పాను. ఆవిడ చాలాసేపు ఫోటో వంక చూశారు. తరువాత ఆ నాలుగు వేళ్లలో ఒకదాని మీద తన బొటనవేలు ఆనించి, "ఇది తీయించుకునేటప్పటికే ఉంగరం అమ్మేశాడు" అన్నారు.

"ఎవరత్తా?" అన్నాను.

"చెదలు" అన్నారు.