చెప్పని ప్రేమకు ఒక సాయంత్రపు ఆట

స్నేహితుల మధ్య పుట్టి, నోటిదాకా వచ్చి ఆగిపోయే ప్రేమ గురించి స్వతంత్ర నిర్మాతలు తీసే చిన్న హాస్యచిత్రాలు ఒడిశా సరిహద్దు పట్టణాల థియేటర్లకు రావడమే తక్కువ. వచ్చినా ఉదయం ఆటకే పరిమితమై, బాగుందన్న కబురు ఊళ్లో పాకేలోగా వెళ్లిపోతాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడలలో తెలుగు సినిమాకు ప్రేక్షకులు లేరని ఎవరూ అనలేరు. అగ్రనటుల చిత్రాలకు ఇక్కడ లభించే ఆదరణలో చిన్న వాటా ఈ చిత్రాలకూ దక్కాలని, అందుకు థియేటర్ల యాజమాన్యాలు, పంపిణీదారులు పూనుకోవాలని మేము కోరుతున్నాము.

ఈ తరహా కథకు ప్రతినాయకుడు అక్కర్లేదు, విదేశాల్లో పాటలు అక్కర్లేదు. ప్రేక్షకుడు మొదటి పావుగంటలోనే పసిగట్టిన సంగతిని పాత్రలు చివరిదాకా ఒకరికొకరు చెప్పుకోలేకపోవడంలోనే హాస్యమంతా పుడుతుంది. ఉదాహరణకు, తన పెళ్లిచూపులకు చీర ఎంచుకోవడానికి నాయిక స్నేహితుడినే వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్తుంది. ఆ చీర బాగుందని అతను అనలేడు, బాగోలేదనీ అనలేడు. హాలంతా నవ్వుతుంది, ఆ నవ్వులోనే గొంతు పట్టుకుంటుంది. ఇంత సున్నితమైన సన్నివేశానికి పెద్ద బడ్జెట్ కన్నా మనుషులను దగ్గరగా చూసిన రచయిత, తొందరపడని నటులు ముఖ్యం.

మా ప్రాంతానికి ఈ కథ ఎంతో దగ్గరిది. మహేంద్రతనయ తీరాన ఇటు పర్లాకిమిడి, అటు శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఉన్నాయి. 1900లో పర్లాకిమిడి రాజావారి చొరవతో ఆంధ్ర వైపు నౌపడా నుంచి పర్లాకిమిడికి వచ్చిన నారోగేజ్ చిన్న రైలు తర్వాత గుణుపురం దాకా సాగింది. 2011లో బ్రాడ్‌గేజ్‌గా మారిన ఆ మార్గం ఇవాళ్టికీ రెండు రాష్ట్రాల ఊళ్లను కలుపుతూనే ఉంది. ఇంట్లో తెలుగు, తరగతిలో ఒడియా మాట్లాడుతూ పెరిగిన పిల్లలు ఒకే బెంచీ మీద స్నేహితులవుతారు. కానీ చిన్న పట్టణంలో ఒక అమ్మాయి ఒక అబ్బాయితో నాలుగుసార్లు మాట్లాడితే చాలు, ఆ వార్త ఆమెకన్నా ముందే ఇల్లు చేరుతుంది. ఆ స్నేహానికి పెద్దల అంగీకారం దొరకడమే గగనం. మనసులో మాట బయటపెడితే స్నేహం చెడిపోతుందన్న భయం అబ్బాయిది. స్నేహంతోపాటు చదువు కూడా ఆగిపోతుందన్న భయం అమ్మాయిది. కులం, భాష, మేనరికం ఆశించే బంధువులు, వీటన్నిటి మధ్య ఆ మౌనాన్ని పిరికితనమని కొట్టిపారేయలేము. ఈ తేడాను పట్టుకోగలిగిన దర్శకుడే ఆ మౌనం నుంచి నిజమైన హాస్యం రాబట్టగలడు.

మన వాణిజ్య చిత్రాలు దశాబ్దాలుగా ఇందుకు భిన్నమైన ప్రేమను నేర్పాయి. వద్దన్న అమ్మాయి వెంటపడటం, కాలేజీ గేటు దగ్గర కాపు కాయడం, ఆమె విసుగునే అంగీకారంగా చూపడం, వీటికి చప్పట్లు కొట్టించాయి. ఎదుటి మనిషి ఏమంటుందో వినడానికి ఆగే నాయకుడిని యువకులు తెర మీద చూడటం అత్యవసరమని మేము గట్టిగా నమ్ముతున్నాము. అలాగని మౌనాన్ని ఆరాధించే చిత్రాలనూ సమర్థించలేము. ఆమె స్నేహాన్ని స్నేహంగానే ఇచ్చి ఉండవచ్చు; ఏళ్లుగా తోడున్నాడు కాబట్టి ప్రేమ బాకీ ఉన్నట్టు కథ నడిపితే అది మరో రకం బలవంతమే. ప్రేమను దాచుకున్నది ఆమె అయితే కథ ఎలా ఉంటుందో కూడా మన రచయితలు ఇంకా తగినంతగా చెప్పలేదు.

యాస సంగతి మరీ ముఖ్యం. ఉత్తరాంధ్ర, గంజాం ప్రాంతాల పలుకుబడిని సినిమా చాలాకాలం పనివాళ్ల పాత్రలకు, నవ్వులాటకు కేటాయించి, నాయికానాయకులకు వేరే తెలుగు ఇచ్చింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి జనం మాట్లాడే భాషకే చదువులోనూ రాతలోనూ చోటు దక్కాలని పోరాడారు. ఆ ఊరి యాసలో ఇద్దరు ప్రేమికులు గౌరవంగా మాట్లాడుకునే సినిమా కోసం ఇంకా ఎదురుచూడవలసి రావడం మాకు బాధ కలిగిస్తోంది. అది సాధ్యమేనని 2018లో వెంకటేశ్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూపింది. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే ఎక్కువగా నటించగా, వారి మాటతీరులోనే ప్రేమకథలు నడిచాయి. బరంపురం సందుల్లో, గుణుపురం రైల్వే ప్లాట్‌ఫారం మీద అలాంటి కథ తీయగల యువతీయువకులు ఇక్కడా ఉన్నారు. వారి చిత్రంలో ఒడియా మాటలు కలిసినా కత్తిరించనక్కర్లేదు.

తీసిన తర్వాతే అసలు కష్టం మొదలవుతుంది. డిజిటల్ ప్రదర్శనకు తెరకింత చొప్పున రుసుము కట్టాలి, ప్రచారానికి డబ్బు మిగలదు. పేరున్న నటులు లేని చిత్రం నిలబడేది చూసినవారి నోటిమాట మీదే. ఆ మాట పాకడానికి కనీసం మూడు నాలుగు రోజులు పడుతుంది. ఉద్యోగులు, విద్యార్థులు రాలేని వేళలో ఆట వేసి, జనం రాలేదని సోమవారం తీసేయడం న్యాయం కాదు. 100 రూపాయల వరకు ఉన్న టికెట్లపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మా ప్రాంతపు ఒంటి తెర థియేటర్లకు ఇది ఊరట కనుక, వాటి యాజమాన్యాలు నెలలో ఒక వారాంతం ఫస్ట్ షోను చిన్న తెలుగు, ఒడియా చిత్రాలకు కేటాయించాలి. శుక్రవారం విడుదలైన చిత్రాన్ని ఆదివారం రాత్రి వసూళ్లు చూసి తీసేయకుండా, గురువారం దాకా అదే ఆటలో ఉంచాలి.