విశాఖకి సేవకి వస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి

అందరికీ వందనాలు. పెద్ద పోస్టే, అయినా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాది విశాఖపట్నం పరిచర్యకి వస్తున్నవాళ్ళు.

నేను పుట్టి పెరిగింది వన్‌టౌన్‌లో. మా సంఘానికి వేరే జిల్లాల నుంచి ఎవరో ఒకరు సేవకి వస్తూనే ఉంటారు. పిలుపు ఉంటుంది, ఆత్మల భారం ఉంటుంది, ఉపవాసాలుండి ప్రార్థన చేసుకుని వస్తారు. ఊరి గురించి మాత్రం బీచ్ రోడ్డు, సబ్‌మెరైన్, కైలాసగిరి తప్ప ఏమీ తెలియదు. నా బాధంతా అక్కడే.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక తమ్ముడు వచ్చాడు. మంచివాడు, ఒళ్ళు దాచుకోని మనిషి. జాలరిపేటలో మగవాళ్ళు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటుంటే, "పనికి వెళ్ళకుండా పగలంతా ఇలా కూర్చున్నారేంటన్నా?" అని అడిగేశాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతా మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. ఆ సంగతి అతనికి తెలియదు. వల బాగుచేసుకోవడం కూడా పనేనని తెలియదు. ఒక పెద్దాయన తలెత్తకుండానే "మాకేటి సరదానా బాబూ?" అన్నాడు. చేతిలో దారం ముడి బిగించి మళ్ళీ వల మీదకి వంగిపోయాడు. ఆ వీధిలో మళ్ళీ ఒకరు అతని ముందు కూర్చోడానికి చాలా నెలలు పట్టింది.

వేట మొదలయ్యాక ఉదయం తొమ్మిదికి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక పెట్టాడు. నాలుగు వారాలు వరసగా ఎవ్వరూ రాలేదు. నెలాఖరున నివేదిక టైప్ చేసి పెట్టమని నాకిచ్చాడు. అందులో "ఇక్కడి స్త్రీల హృదయాలు కఠినం" అని రాసుంది. ఆ వాక్యం నా చేత్తో టైప్ చేయలేకపోయాను.

మర్నాడు తెల్లవారకముందే అతన్ని ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్ళాను. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఐసు నీళ్ళలో మడమల దాకా నిలబడి, వేలంపాటలో గొంతు పోయేలా అరుస్తున్నారు ఆడవాళ్ళు. మా వీధికి చేపలు తెచ్చే అక్క రెండు గంపల కవళ్ళ చేపలు పాడుకుంది. డబ్బులు చాలక పక్కావిడ దగ్గర అప్పు తీసుకుంది, ఆటో ఎక్కింది. ఆ గంపలు ఖాళీ అయి ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండవుతుంది. అప్పుడు వండాలి. తొమ్మిది గంటల కూడికకి ఆమె ఎలా వస్తుంది? తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చి ఆ వాక్యం తనే కొట్టేశాడు. కూడిక సాయంత్రానికి మార్చాడు.

సేవకి వచ్చేవాళ్ళు ఈ ఊరి గురించి అనే ఇంకో మాట నన్ను చాలా నొప్పిస్తుంది: "సువార్త అందని చీకటి ప్రాంతం". లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఇదే ఊరికి 1805లో వచ్చారు. ముందు తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, ఆనందరాయర్ అనే ఆయన సాయంతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేసరికి ఇద్దరిలో ఒక్కరూ లేరు. ఉన్న నాలుగైదేళ్ళలో వాళ్ళు ఈ ఊరి మాట నేర్చుకోడానికి అంత సమయం పెట్టారు. మనకి పుట్టుకతోనే తెలుగు వచ్చు కదా అని మనం ఒక్క రోజు కూడా పెట్టం. "నాను ఎల్లొత్తాను" అనే మాట విని నవ్వేవాళ్ళని చూశాను. దయచేసి నవ్వకండి. అది వాళ్ళ అమ్మ నేర్పిన తెలుగు.

హార్బర్ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద మరియమాత గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. మూడూ ఎక్కే మనుషులు మా పక్కింట్లోనే ఉన్నారు. మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి జనం పోటెత్తుతారు. వాళ్ళ భక్తిని ఒక్క మాట తూలనాడి ఈ ఊళ్ళో ఎవరి గుమ్మమూ తొక్కలేరు. తొక్కకూడదు కూడా.

గాజువాక వైపు వెళ్తే అది వేరే లోకం. స్టీల్ ప్లాంట్‌కి భూములిచ్చి, ఉద్యోగం కోసం దశాబ్దాలు ఎదురుచూసిన నిర్వాసితుల ఇళ్ళున్నాయి. గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన విషవాయువు పీల్చిన కుటుంబాలున్నాయి. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను రోజు ఎక్కడున్నారని ఎవరినైనా అడగండి. గంట సేపు చెబుతారు. మధ్యలో బోధించకుండా వినండి.

పంపే సంస్థలకి, సంఘ పెద్దలకి ఒక్క మనవి. వచ్చినవాళ్ళకి మొదటి మూడు నెలలు ఊరు చూడనివ్వండి. వేలంపాటకి వెళ్ళనివ్వండి, వలల దగ్గర కూర్చోనివ్వండి, సిటీ బస్సుల్లో తిరగనివ్వండి. ఆ మూడు నెలలూ ఎన్ని కూడికలు పెట్టావు, ఎంతమంది వచ్చారు అని నివేదిక అడగకండి. కనీసం పది ఇళ్ళలో మనుషుల పేర్లు, వాళ్ళు పనికి వెళ్ళే వేళలు తెలిశాయా అని అడగండి. హార్బర్‌కి తోడు కావాలంటే నేను వస్తాను. తెల్లవారుజామున నాలుగింటికి తయారుగా ఉండాలి.