ముఖ్య అతిథి గారి నెట్ టైమ్

పరుగు పందేనికి కాళ్ళు ముఖ్యమని లోకంలో ఒక అపోహ ఉంది. మన వైజాగ్ బీచ్ రోడ్డులో ఒక్క ఆదివారం హాఫ్ మారథాన్‌కు పేరు ఇచ్చి చూడండి, అది కాస్తా వదిలిపోతుంది. ముఖ్యమైనది స్టేజి. స్టేజి మీద కుర్చీలు, కుర్చీల మీద తెల్ల టర్కీ టవళ్ళు, ఆ టవళ్ళ మీద ఇంకా రాని పెద్దమనుషులు. కాళ్ళ సంగతి ఆ తర్వాత.

మొన్న నవంబరులో నేను పాల్గొన్న పందెం సంగతే తీసుకోండి. రూట్ మ్యాప్ పంపారు. టీషర్టు సైజు అడిగారు, రక్తం గ్రూపు అడిగారు, మనకేమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అడిగారు. ఐదింటికి స్టార్ట్ అనీ, ఆలస్యంగా వచ్చేవారిని లైన్ దగ్గరకు రానివ్వబోమనీ ఎర్రక్షరాల్లో రాశారు. ఆ నిబంధన పరిగెత్తేవాళ్ళకు మాత్రమేనని బీచ్‌లోని కుర్సుర జలాంతర్గామి ఎదురుగా నిలబడ్డాక తెలిసింది.

ఐదింటి పందెం అంటే యాభై దాటినవాడికి మూడింటి నుంచే పని. బీపీ మాత్ర వేసుకోవాలి. అరటిపండు ఎప్పుడు తినాలో లెక్కేసుకోవాలి. ముందు తింటే అరిగిపోతుంది, ఆలస్యంగా తింటే దారంతా తేనుపులు. మోకాలికి పట్టీ. ఇక బాత్రూం వ్యవహారం ఒకటుంది. అది అయ్యేదాకా ఇల్లు కదలలేం, అవ్వడానికి కాఫీ కావాలి, కాఫీకి ఇంట్లో ఇంకొకరు లేవాలి. "ఈ వయసులో మీకిదేం పరుగండీ" అన్న మాట కాఫీతో పాటే వస్తుంది, ఉచితంగా. ఇన్ని దాటుకుని చీకట్లో స్కూటర్ వేసుకొచ్చి సమయానికి నిలబడితే, మైకులో ఒక కుర్రాడు "వైజాగ్! ఆర్ యూ రెడీ?" అంటాడు.

రెడీయే బాబూ. మూడింటి నుంచీ రెడీయే.

రెడీగా ఉన్న జనాన్ని ఊరికే నిలబెడితే బాగుండదని జుంబా పెట్టారు, పాటలకు డాన్సులా చేసే వ్యాయామం. వార్మప్ అన్నమాట. స్టేజి ఎక్కినాయన చేతులు పైకెత్తమన్నాడు, ఎత్తాం. నడుం తిప్పమన్నాడు, తిరగగలిగినవాళ్ళం తిప్పాం. మొదటి పాట బాగానే ఉంది. రెండో పాటకు ఒళ్ళు వేడెక్కింది, ఇక వదిలేస్తారనుకున్నాం. మూడో పాట వేశారు. నాలుగో పాటలో నా ముందున్న రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు చేతి వాచీ చూసుకుని, "అప్పుడే రెండు కిలోమీటర్లు అయినట్టు చూపిస్తోందండీ" అన్నారు. ఐదో పాట అయ్యేసరికి వార్మప్ చల్లారిపోయింది, దాన్ని మళ్ళీ వేడి చేయడానికి ఆరో పాట. చేపల పులుసైతే మళ్ళీ వేడి చేస్తే రుచి పెరుగుతుంది గానీ మోకాళ్ళకు ఆ సదుపాయం లేదు. పక్కనే కుర్సుర ఉంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటి ఏడు నుంచీ ఇసుకలో కదలకుండా కూర్చున్న జలాంతర్గామి. ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదాన్ని ఆ రోజు మొదటిసారి సాటి మనిషిని చూసినట్టు చూశాను.

ఇంతకీ పందెం ఎందుకు మొదలవడం లేదంటే, జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి గారు రాలేదు. మైకులో కబురు మాత్రం ఎప్పటికప్పుడు అందుతూనే ఉంది. ఐదూ ఐదుకు "బయల్దేరారు". ఐదూ ఇరవైకి "సిరిపురం దాటేశారు, గట్టిగా చప్పట్లు" అన్నారు, కొట్టాం. కారు స్టేజి పక్కన ఆగేసరికి ఆరూ రెండు.

పరిగెత్తేవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. కదిలే ప్రతిదానికీ పేస్ లెక్కగడతారు. సిరిపురం జంక్షన్ నుంచి ఆర్కే బీచ్‌కు ఎంత ఎక్కువేసుకున్నా మూడు కిలోమీటర్లు. నలభై రెండు నిమిషాలు పట్టింది. అంటే కిలోమీటరుకు పద్నాలుగు నిమిషాలు. కారులో. డ్రైవరుతో. ముందొక జీపుతో. పైగా దారంతా పల్లం. ఇరవై ఒక్క కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌కు వీళ్ళే పెట్టిన కటాఫ్, అంటే ఆఖరి గడువు, మూడున్నర గంటలు, కిలోమీటరుకు పది నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన అతిథి గారిని పాండురంగాపురం దగ్గరే ఆపి, ఛాతీకి తగిలించే నంబరు బిళ్ళ, అదే బిబ్, ఊడదీసి, వెనకబడ్డవాళ్ళను ఏరుకొచ్చే వ్యానులో ఎక్కించాలి. "ట్రాఫిక్ అయ్యుంటుందండీ" అన్నారు మేనేజరు గారు. ఆయన మంచివారు. ఆదివారం, తెల్లవారకముందు, మా కోసం మూసేసిన రోడ్డు.

వచ్చారు కదా, జెండా ఊపేస్తారనుకున్నారా? జ్యోతి ప్రజ్వలన లేకుండానా?

బీచ్ రోడ్డులో, ఆరుబయట, సముద్రం పక్కన, ఐదు వత్తుల ఇత్తడి కుంది. మొదటి అగ్గిపుల్ల గీసిన చేతిలోనే ఆరింది. రెండోది కుంది దాకా వెళ్ళింది. కొవ్వొత్తి తెచ్చారు, అదీ ఆరింది. కర్పూరం పెడితే గుప్పుమని మండి ఎవరిదో జుబ్బా అంచును పలకరించి వెళ్ళింది. అప్పుడు కమిటీ పెద్దలంతా కుంది చుట్టూ చేతులు కలిపి గోడ కట్టారు. వత్తి వెలిగింది. "సార్, మీ వీపులే కనిపిస్తున్నాయి, కొంచెం జరగండి" అన్నాడు ఫొటోగ్రాఫరు. జరిగారు. ఆరింది. మళ్ళీ గోడ, మళ్ళీ వత్తి, మళ్ళీ "కొంచెం జరగండి". ఒక తెలివైనవాడు పరిగెత్తి వెళ్ళి, ఆ ఉదయం అక్కడ జరిగిన మొదటి పరుగు అదే, రూట్ మ్యాప్ ఉన్న ఫ్లెక్సీ ఊడదీసుకొచ్చి గాలికి అడ్డం పట్టాడు. ఇప్పుడు వత్తి ఆరడం లేదు గానీ అతిథి గారు ఫ్లెక్సీ వెనక పడ్డారు. చివరికి ఐదు వత్తుల్లో ఒకటి, ఫ్లెక్సీ కిందికి దించి ఎత్తే సందులో, ఫొటోకు చిక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనకాల బంగాళాఖాతంలోంచి సూర్యుడు ఎవరూ వెలిగించకుండానే పైకొచ్చేశాడు.

ఉపన్యాసం గురించి ఎక్కువ చెప్పను, మీరు వినే ఉంటారు. ఆరోగ్యమే మహాభాగ్యం. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఆయనా పరిగెత్తేవారు. యువత చెడు వ్యసనాలకు దూరంగా ఉండాలని వయసు మీదపడిన మా వెటరన్స్ వరసకేసి చూస్తూ చెప్పారు. ఆయనకు ఇంకో ప్రోగ్రాం ఉందట, అందుకని ఇరవై ఒకటి, పది, ఐదు కిలోమీటర్లు మూడింటికీ ఒకేసారి జెండా ఊపేశారు. డ్రోన్‌కు సరిగా అందలేదంటే మళ్ళీ ఊపారు. మొదటి జెండాకు పరిగెత్తినవాళ్ళని వెనక్కి పిలిచి మరీ ఊపారు. గడియారం ఆరున్నర.

చరిత్ర తెలిసినవాళ్ళు నన్ను ఖండించవచ్చు. పెద్దల వీలు కోసం పందేన్ని సర్దడం మన వైజాగ్‌లో మొదలైంది కాదు. అసలు మారథాన్ 42.195 కిలోమీటర్లు ఎందుకయింది? 1908 లండన్ ఒలింపిక్స్‌లో పందెం విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటి ఎదుట ముగిసింది. ఆ దూరాన్నే 1921లో ఖాయం చేశారు. అంటే లోకంలోని మారథాన్ రన్నర్లంతా ఇవాళ్టికీ ఎవరో రాణిగారి కుర్చీ దాకా పరిగెడుతున్నారు. ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు సర్దింది దూరాన్ని, అది అందరికీ ఒకటే. మనవాళ్ళు సర్దింది ఎండని. ఆ ఎండ ఏం చేస్తుందో కూడా ఆ పందెంలోనే తేలింది. ఇటలీ నుంచి వచ్చిన డొరాండో పియెట్రి అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి, దిక్కు తెలియక, పడి, లేచి, మళ్ళీ పడి, అధికారులు రెక్క పట్టుకుని గీత దాటిస్తే, సాయం తీసుకున్నాడని గెలుపు రద్దు చేశారు. బయల్దేరిన 55 మందిలో పూర్తి చేసింది 27 మంది.

ఆలస్యం గురించి నిర్వాహకుల్లో ఒక కుర్రాడిని లైన్ దగ్గరే అడిగాను. "చిప్ టైమింగ్ కదా అంకుల్. మీరు మ్యాట్ తొక్కినప్పటి నుంచే లెక్క. మీకేం లాస్?" అన్నాడు. నిజమే. బిబ్ వెనక అతికించిన చిప్ మ్యాట్ దాటిన క్షణాన్ని పట్టేస్తుంది. తుపాకీ పేలినప్పటి నుంచి కొలిస్తే గన్ టైమ్, మన అడుగు పడినప్పటి నుంచి కొలిస్తే నెట్ టైమ్. సెకన్లు కొలిచే యంత్రం అద్దెకు తెచ్చి దాన్ని గంటన్నర ఆలస్యంగా ఆన్ చేశారు. మేం ఎప్పుడు బయల్దేరామో ఆ చిప్‌కు తెలుసు. అప్పటికి సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడో తెలియదు.

దారి మీకు తెలిసిందే. అప్పూఘర్, తెన్నేటి పార్కు దగ్గర ఎక్కుడు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ వైపు వెళ్ళి వెనక్కి. మొదటి రెండు కిలోమీటర్లు ఐదు కిలోమీటర్ల పిల్లలు అడ్డంగా చేతులు పట్టుకుని సెల్ఫీలు దిగుతుంటే వాళ్ళను తప్పించుకోవడమే సరిపోయింది. తర్వాత ఎండ. వెళ్ళేటప్పుడు కుడి చెంప, వచ్చేటప్పుడు ఎడమ చెంప. నవంబరేగా అంటారు. చెమట పడితే ఒళ్ళు చల్లబడదండీ, ఆ చెమట ఆరితే చల్లబడుతుంది. మన ఊరి తేమకు అది ఆరదు, కారుతుంది అంతే. వయసు మీదపడినవాళ్ళకు దాహం వేసిందన్న సంగతి కూడా ఆలస్యంగా తెలుస్తుంది. అందుకే ఈ పందేలు ఐదింటికి పెడతారు.

ఎనిమిదిన్నరకు ఒక అద్భుతం జరిగింది. ఆ రోజు మొత్తానికి ఒకే ఒక పని అనుకున్న సమయానికి అయింది. రోడ్డు తెరిచారు. ఐదింటికి మొదలై మూడున్నర గంటల కటాఫ్ కలిపితే ఎనిమిదిన్నరే కదా, అనుమతి అంతవరకే ఉందట. బారికేడ్లు పక్కకు జరిగాయి. బస్సులు, ఆటోలు, రుషికొండ పోయే టూరిస్టు కార్లు హారన్లు కొట్టుకుంటూ మా మధ్యకు వచ్చాయి. జోడుగుళ్ళపాలెం దగ్గర నీళ్ళ టేబుల్ ఉంది, నీళ్ళు లేవు. కాలేజీ పిల్లాడొకడు అట్టపెట్టెలు మడుస్తున్నాడు. "ఎనిమిదిన్నరకి క్లోజ్ చేసేయమన్నారు సార్" అన్నాడు, తలెత్తకుండా. వాడి తప్పేముంది.

తెన్నేటి పార్కు దగ్గర ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, డివైడర్ మీద కూర్చుని వాంతి చేసుకుంటోంది. పెదాలు తెల్లబడ్డాయి. ఊరేదంటే చెప్పలేకపోతోంది. బిబ్ మీదున్న నిర్వాహకుల నంబరుకు ఫోన్ చేసి అంబులెన్సు పంపమన్నాం. అంబులెన్సు ఉందట. స్టేజి వెనక ఉందట. అతిథి గారి బండ్లకు అడ్డం లేకుండా లోపలికి పెట్టించారట, ఇప్పుడు దాని ముందు సౌండ్ సిస్టమ్ లారీ ఉందట. ఫుట్‌పాత్ మీద కొబ్బరిబొండాలు అమ్ముకునే ఆమె కత్తి అక్కడే పడేసి వచ్చింది. "కూకోమ్మా, కూకో. ముందు కాసిన్ని తాగు" అని బొండాం నోటికి పట్టి, తడిగుడ్డ మెడకు చుట్టి, తన గొడుగు కింద కూర్చోబెట్టుకుంది. డబ్బులిస్తే తీసుకోలేదు.

అయ్యా, శాలువాలు కప్పుకోండి. కుందులు వెలిగించుకోండి, ఆర్పుకోండి. కానీ ఆ మనిషి డబ్బు కట్టి వచ్చింది. నాలుగున్నరకు రమ్మంటే వచ్చింది. ఒక్కడి నిద్ర చెడకూడదని ఆమెను గంటన్నర నిలబెట్టారు, ఎండలోకి తోలారు, ఆమె ఇంకా రోడ్డు మీద ఉండగానే నీళ్ళు ఎత్తేశారు, బస్సులు వదిలారు. వడదెబ్బంటే ఏమనుకుంటున్నారు? ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మనిషికి మతి తప్పుతుంది, పడిపోతాడు, చచ్చిపోతాడు కూడా. ముందొచ్చే కుర్రాళ్ళకు నీళ్ళు, డ్రోనులు. వెనకొచ్చే ముసలివాళ్ళకు హారన్లు. సిగ్గుండక్కర్లేదా? ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలని ఫారంలో ఎందుకు అడిగారో నాకు తెన్నేటి పార్కు దగ్గర అర్థమైంది.

ఇదే ఊళ్ళో, కొంతమేర ఇదే రోడ్డు మీద, ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ జరుగుతుంది. 32 కిలోమీటర్లు. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళకు లెక్కలేదు. కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టడం, కదలడం. రథం బయల్దేరేదాకా కూడా చాలామంది ఆగరు. దారి పొడుగునా ఎవరో ఒకరు మజ్జిగో, పులిహోరో, అరటిపండో పట్టుకుని పిలిచి పిలిచి ఇస్తుంటారు. అర్ధరాత్రి దాటాక కుంటుకుంటూ వచ్చే ముసలమ్మకు కూడా ఒక గ్లాసు మిగులుతుంది. ముఖ్య అతిథి ఇంకా రాలేదని సింహాద్రి అప్పన్న ఇంతవరకూ ఎవరిచేతా జుంబా చేయించలేదు.

మేం ఫినిష్ దగ్గరకు చేరేసరికి గాలి నింపి నిలబెట్టిన కమాను కిందికి దిగి రోడ్డు మీద పడుకుని ఉంది. మెడల్ అట్టపెట్టెలోంచి తీసిచ్చారు. మ్యాట్ చుట్టేసి వ్యానులో పెట్టేశారు. నాకేం లాస్ అని అడిగిన కుర్రాడి కోసం చూశాను, కనిపించలేదు. సాయంత్రం ఫలితాలు వచ్చాయి. నా పేరు ఎదురుగా నెట్ టైమ్ గడి ఖాళీగా ఉంది, పక్కనే పందెం పూర్తి చేయలేదని ఉంది. మెడల్ మీద మాత్రం ఫినిషర్ అని చెక్కారు.

కమిటీకి ఉత్తరం రాశాను. పెద్ద కోరికలేం కాదు. అతిథి గారికీ ఒక బిబ్ ఇవ్వండి, వెనక చిప్ అతికించండి. ఆయన గేటు దగ్గర ఒక మ్యాట్, స్టేజి మెట్ల దగ్గర ఒక మ్యాట్ పరవండి. సిరిపురం నుంచి ఆర్కే బీచ్, కార్ల విభాగం అని ఫలితాల్లో వేయండి, గన్ టైమ్‌తో సహా. అంబులెన్సును రోడ్డు మీద ఉంచండి. ఆఖరి మనిషి వచ్చేదాకా నీళ్ళు ఉంచండి. ఐదింటికి జెండా ఊపడానికి మనిషి దొరకకపోతే స్టేజి పక్కన టీ అమ్మే అబ్బాయిని అడగండి, అతను మాకంటే ముందే వచ్చి ఉంటాడు.

జవాబు ఇవ్వడంలో మాత్రం ఆలస్యం చేయలేదు. మూడు దూరాలకూ కలిపి ఒక్కరే ముఖ్య అతిథి కావడం వల్ల రన్నర్లకు అసౌకర్యం కలిగిందని కమిటీ గుర్తించిందట. వచ్చే ఏడాది దూరానికొకరు చొప్పున ముగ్గురిని పిలుస్తున్నారట. ఇంకో రెండు కుందులు కూడా కొన్నారట.