అలమరాలోని పెన్‌స్టాండు గారికి

మహారాజశ్రీ పెన్‌స్టాండు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం రోజూ చూస్తూనే ఉన్నాను. పై అరలో, దుమ్ము కప్పుకుని, ఒక్క పెన్ను కూడా లేకుండా హాయిగా ఉన్నారు. పెన్నులు పెడితే మీరు పక్కకు ఒరిగిపోతారు కాబట్టి అవి ఎప్పట్లాగే పిడి విరిగిన పాత కప్పులో ఉంటున్నాయి. ఆ కప్పుకి మాత్రం ఎవరూ మార్కులు వెయ్యలేదు.

‘వేస్ట్ నుంచి బెస్ట్’ చెయ్యమని బడి నుంచి చీటీ వచ్చిన రాత్రి మీరు పుట్టారు. తెల్లారితే గడువు. అమ్మాయికి ఆ సంగతి పక్క ఎక్కాక గుర్తొచ్చింది. వెతికితే ఇంట్లో ప్లాస్టిక్ సీసా ఒక్కటీ లేదు. మేం స్టీలువి వాడతాం. చెత్త లేదన్న పాపానికి పిల్లకి మార్కులు పోతుంటే ఏ తండ్రి ఊరుకుంటాడు? పరుగెత్తి కూల్‌డ్రింకు కొనుక్కొచ్చాను. సగం మేం తాగాం, మిగతాది సింకు తాగింది. అలా కొన్న పావుగంటలో మీరు చెత్త హోదా పొందారు.

మీ వెంట రంగులు, గ్లూ గన్ కడ్డీలు, ఫోమ్ షీటు, రిబ్బను, గ్లిటర్ డబ్బా కూడా వచ్చాయి. చారాణా కోడికి బారాణా మసాలా అంటారు. ఆ సామెతలో కోడి అయినా ముందే ఇంట్లో ఉందేమో, మేం దాన్ని కూడా కొనే తెచ్చాం.

ఇక మిమ్మల్ని కోసిన ఘట్టం. కత్తెర జారుతుంది, కోసిన అంచేమో బ్లేడులా ఉంటుంది. పిల్ల చేతికి ఎలా ఇస్తాం? ఓ మోస్తరు వేడెక్కిన ఇస్త్రీపెట్టెకి ఆనిస్తే ఆ అంచు లోపలికి ముడుచుకుని నున్నగా అవుతుందని అర్ధరాత్రి కనిపెట్టాను. ఆ ప్రాజెక్టు మొత్తంలో ఎవరైనా నేర్చుకున్న విద్య అదొక్కటే. నేర్చుకున్నది నేను. విద్యార్థిని అప్పటికే గాఢనిద్రలో ఉంది. మర్నాడు ‘చక్కగా స్వయంగా చేసింది’ అని రాసి ఏ ప్లస్ ఇచ్చారు. నా పనికి ఏ ప్లస్ రావడం జీవితంలో అదే మొదటిసారి, కానీ బయటికి చెప్పుకునే వీలు లేదు.

మీ అడుగున త్రికోణంలో 1 అంకె ఉంది కదా, అది ర్యాంకు కాదండి. రీసైకిల్ చేస్తామన్న హామీ కూడా కాదు. 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ మొదలుపెట్టిన గుర్తుల్లో అదొకటి. మీది పెట్ రకం ప్లాస్టిక్ అని మాత్రమే దానర్థం. అయితే మీ జాతకం మంచిదే. శుభ్రమైన, రంగులేని పెట్ సీసాని ముక్కలు చేసి, కరిగించి, పాలిస్టరు దారం తీస్తారు, మళ్ళీ సీసా కూడా చేస్తారు. 2015 దాకా ప్రపంచం పోగేసిన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఆ 9 శాతంలో సీటు దొరికే యోగం మీకుంది. మేం రంగు పూసి, జిగురు కారించి, గ్లిటర్ చల్లి ఆ సీటు రద్దు చేయించాం. గ్లిటర్ కూడా చాలావరకు ప్లాస్టిక్ పొరే, పైన అల్యూమినియం పూత. అంటే మీ దాయాదే. విడి ప్లాస్టిక్ గ్లిటర్ అమ్మకాన్ని 2023 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ నిషేధించింది. మా సోఫా సందుల్లో మాత్రం ఇంకా మెరుస్తూనే ఉంది.

మీకు తెలియని కబురు ఒకటి చెప్పాలి. మిమ్మల్ని కోయగా మిగిలిన మెడ, మూత, రెండు పేడులు మర్నాడు సాయంత్రం అమ్మాయి బకెట్టులో పడేసింది. మూత తేలింది. మెడ బుడుంగున మునిగింది.

“రెండూ ప్లాస్టికే కదా నాన్నా, ఇదెందుకు మునిగింది?”

మూత వేరే రకం, నీళ్ళకన్నా తేలిక. సీసా బరువు అన్నాను. రీసైకిల్ చేసేచోట కూడా తరిగిన ముక్కల్ని ఇలాగే నీళ్ళలో వేసి విడదీస్తారని చెప్పాను. అంతే, దువ్వెన మొదలుకుని టూత్‌పేస్టు మూత దాకా బకెట్టులోకి దిగాయి. పాత నోటుబుక్కు వెనక ‘మునిగేవి, తేలేవి’ అని గీత గీసింది. వాళ్ళమ్మ అటుగా పోతూ పోతూ నీళ్ళలో ఉప్పు కలపమంది. మునిగినవాటిలో ఒక పాత వాడిపారేసే స్పూను మెల్లగా పైకి లేచింది. మీ మెడ మాత్రం కదల్లేదు. గంటన్నర పట్టింది. ఇల్లు తుడవడానికి ఇంకో అరగంట. ఇప్పుడు ఆ మెడ సర్ఫు పోసుకునే గరాటు.

నిన్న ఇంకో చీటీ వచ్చింది. ఈసారి ‘చెత్తతో పూలకుండీ’. కొత్త సీసా తెద్దామని చెప్పులు వేసుకుంటుంటే అమ్మాయి మీవైపు చూపించింది. రిబ్బను పీకి, మట్టి పోసి, మిమ్మల్నే మళ్ళీ పంపుతుందట. టీచరు గుర్తుపడతారేమో అన్నాను. గుర్తుపడితే పట్టనీ అంది. అడుగున చిల్లు తనే పెడుతుందట, నన్ను పడుకోమంటోంది.

చిల్లు దగ్గర కాస్త ఓర్చుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
మిమ్మల్ని కోసి అతికించిన,
ఏ ప్లస్ అందుకోలేని తండ్రి