14 గ్రాముల తలంటు

ఒడిశాలోని కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్నదన్న సంగతి, పుష్యమాసపు తెల్లవారుజామున మొదటి చెంబుడు నీళ్లు వీపు మీద పడేదాకా, విశాఖపట్నం నుంచి కిరండూల్ బండిలో వచ్చే మా బంధువులెవరికీ నమ్మకంగా తోచదు. ఆ చెంబు పడిన తరువాత మాత్రం, అంతవరకూ వారు పట్టించుకోని మా డాబా మీది సోలార్ హీటరు మీద వారికి హఠాత్తుగా భక్తి పుట్టుకొస్తుంది.

ఆ హీటరుకు మోటారు లేదు. ప్యానెల్‌లో ఎండకు కాగిన నీరు తేలికపడి పైనున్న ట్యాంకులోకి తనంతట తానే ఎక్కుతుంది, ట్యాంకు అడుగునున్న చన్నీళ్లు బరువు కొద్దీ ప్యానెల్‌లోకి దిగుతాయి, ఎండ ఉన్నంతసేపూ ఈ తిరుగుడు సాగుతూనే ఉంటుంది. లీటరు నీరు 25 డిగ్రీల దగ్గర 997 గ్రాములు తూగితే 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములే తూగుతుంది. పండుగకు వచ్చిన పాతికమంది స్నానాలు ఈ 14 గ్రాముల తేడా మీద నడవాలి. ఇంత బలహీనమైన శక్తికి దారిలో అడ్డు తగిలితే దాన్ని తోసుకుని ముందుకు పోయే సత్తా ఎక్కడిది?

మొన్నటి సంక్రాంతికి ఆ అడ్డు సరిగ్గా భోగికి ముందురోజు తగిలింది. పొద్దుటి స్నానాలతో ట్యాంకులోని వేన్నీళ్లన్నీ ఖర్చైపోయాయి, మధ్యాహ్నానికి మళ్లీ కాగి ఉండవలసినవి కాగలేదు. కుళాయి తిప్పితే చన్నీళ్లు వస్తున్నాయి, డాబా ఎక్కి చూస్తే ప్యానెల్ మాత్రం లోపల గుడగుడలాడుతూ ఉండి ఉండి ఠంగుమంటున్నది, ట్యాంకు నెత్తినున్న గాలి గొట్టం నుంచి ఆవిరి చిమ్ముతున్నది. అంటే పుట్టిన వేడి పుట్టిన చోటనే ఇరుక్కుపోయిందన్నమాట.

మా పెద్దబావగారు బ్యాంకులో పదవీ విరమణ చేసినవారు కనుక, ఏది ఎక్కడ నుంచి కారిపోతున్నా వెంటనే ఆపాలన్నది ఆయన స్వభావం. ఆవిరంతా గొట్టంలోంచి వృథాగా పోతున్నందువల్లనే నీరు వేడెక్కడం లేదని తీర్మానించి, తడి తువ్వాలు ఒకటి ఉండచుట్టి, ఆ గొట్టం మూతికి బిగించడానికి స్టూలు కూడా తెప్పించారు. "బావగారూ, ఆ ఒక్క పనీ చేయకండి" అని నేను తువ్వాలు రెండో కొస పట్టుకోవలసి వచ్చింది. ఇటువంటి ట్యాంకు నీటి బరువును మోయడానికి చేసినదే గాని ఆవిరి ఒత్తిడిని మోయడానికి చేసినది కాదు. ఆ గొట్టం తెరిచి ఉన్నంతవరకే అది ట్యాంకు, మూసిన మరుక్షణం నుంచి బాంబు. ఇంటి అల్లుడి చేతిలోంచి తువ్వాలు లాక్కున్నందుకు మా అక్క నావైపు చూసిన చూపును గురించి ఇక్కడ విస్తరించను.

మిస్త్రీకి ఫోను చేశాము. మా ఊరి మిస్త్రీలు వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు. "బాబూ, ప్యానెల్ మీద మందపాటి గుడ్డ కప్పండి, ట్యాంకులోని కరెంటు హీటరును మెయిన్ దగ్గర ఆపేయండి, ఇంక దేన్నీ ముట్టుకోకండి, పొద్దు గూకినాక వస్తాను, ఆజ్ఞా" అన్నాడు. ఇంట్లో ప్యానెల్‌కు సరిపోయేంత పెద్ద కంబళి ఒకటే ఉన్నది, అది బావగారు చలికి భయపడి విశాఖ నుంచి మోసుకువచ్చినది. దాన్ని ఆయన సంతోషంగా ఇచ్చారని చెప్పలేను.

కప్పడం, ఆపడం రెండు నిమిషాలలో అయిపోయాయి. "దేన్నీ ముట్టుకోకండి" అన్న మూడో మాటను పాటించడమే పండుగ ఇంట్లో అసాధ్యమని తేలింది. కంబళి ఎందుకు, ప్యానెల్ మీద నాలుగు బకెట్ల చన్నీళ్లు కుమ్మరిస్తే ఇట్టే చల్లారుతుంది కదా అని పక్కింటి మాస్టారు పిట్టగోడ మీదుగా సూచించారు. కాలిన అద్దం మీద చన్నీళ్లు పడితే పగులుతుందని ఆయనకు చెప్పి ఒప్పించేసరికి, మా పెద్దమ్మ కొడుకు పైపు జాయింటు విప్పి గాలి వదులుతానని పానాతో వచ్చాడు. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణాలలోనే చర్మాన్ని కాల్చేస్తుంది, లోపలున్నదేమో మరిగే నీరు, జాయింటు వదులు కాగానే అది ముందుగా చిమ్మేది విప్పినవాడి ముఖం మీదనే. దానికి బావగారు, ఈ ఎత్తున నీరు 97 డిగ్రీలకే మరుగుతుందనీ, విశాఖ నీళ్లంత ప్రమాదం ఇక్కడి నీళ్లతో ఉండదనీ శాస్త్రప్రమాణంగా సెలవిచ్చారు. పానా నా జేబులోకి చేరింది.

ఈలోగా మా మామ్మ అటక మీది రాగి బాయిలరును దింపించింది. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు, నీళ్లు నిండా పోసిన తరువాతనే నిప్పు వేయాలని మామ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు. బావగారు మాత్రం చలిగాలి తగలకుండా స్నానాలగదిలో పెట్టి తలుపు వేసుకుందామన్నారు. మూసిన గదిలో బొగ్గులు కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. మామ్మ ఆ పేరు ఎన్నడూ వినకపోయినా, "బొగ్గులు గదిలో పెడతావా నాయనా, పెరట్లో పెట్టు" అని ఒక్క మాటతో తేల్చేసింది.

చీకటి పడుతుండగా మిస్త్రీ వచ్చాడు. ప్యానెల్ పైపు మీద నీళ్లు చిలకరించి చుయ్యిమనకపోవడం చూసుకుని, కంబళి తీసి, పనిముట్టు ఏదీ బయటికి తీయకుండానే ఒక కన్ను మూసి పైపు పొడవునా చూశాడు. ప్యానెల్ నుంచి ట్యాంకుకు పోయే పైపు మొదటి నుంచి చివరిదాకా ఎక్కుతూనే ఉండాలి, మాది మధ్యలో జారి వంగి ఉన్నది. నీరు కాగినప్పుడు అందులో కరిగి ఉన్న గాలి బుడగలై బయటపడుతుంది. ఆ గాలి ట్యాంకు దాకా పోయి గొట్టంలోంచి వెళ్లిపోవలసినది, దిగువకు పోలేక వంపుకు ముందున్న మిట్టలో తిష్ఠ వేసి, నీటి దారి మూసేసింది. "ఇక్కడ రెండు ఇటుకలుండాలి, ఏవి బాబూ?" అన్నాడు మిస్త్రీ.

అందరమూ వాసన వచ్చిన దిక్కుకు తిరిగాము. డాబా రెండో మూల పిన్ని అరిసెలు వేయిస్తున్నది. ముందురోజు పొయ్యి పెట్టుకోవడానికి మూడు ఇటుకలు కావలసి వచ్చి, ఒకటి పెరట్లో దొరికితే, మిగిలిన రెండూ "ఊరికే పైపు కింద పడి ఉంటే" తెచ్చుకున్నదట. ఇప్పుడు వాటి మీద మూకుడు, మూకుడులో సలసల కాగే నూనె ఉన్నాయి. పిండి పాకం గట్టిపడిపోతుంది, చివరి వాయి దిగేదాకా ఇటుకలిచ్చేది లేదన్నది పిన్ని. ఆ క్షణంలో ఆమెతో వాదించడానికి, అప్పటిదాకా ఆవిరికి సైతం భయపడని బావగారు కూడా ముందుకు రాలేదు. మిస్త్రీ పిట్టగోడ మీద కూర్చుని, పెట్టిన అరిసెలు తింటూ, నువ్వులు ఇంకొంచెం పడాలని అభిప్రాయపడ్డాడు.

ఇటుకలు చల్లారి పైపు కిందికి చేరిన తరువాత, మిట్ట దగ్గర జాయింటును అతను పావు చుట్టు వదులు చేస్తే, గాలి బుస్సుమని చాలాసేపు పోయి, చివరికి నీటి ధార వచ్చింది. జాయింటు బిగించి, ట్యాంకు నిండుగా ఉన్నదని చూసుకున్న తరువాతనే కరెంటు హీటరు వేయించాడు, ఖాళీ ట్యాంకులో వేస్తే దాని కాయిల్ మాడిపోతుంది కనుక. 2 కిలోవాట్ల హీటరు 100 లీటర్ల నీటిని 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి సుమారు గంటా ముప్పావు పడుతుందని నేను లెక్క కట్టి చెబితే, బావగారు దాన్ని మరోసారి కట్టి సరిచూశారు.

వెళ్లబోతూ మిస్త్రీ, ఇటుకలను నమ్ముకోవద్దనీ, పైపు కింద ఇనుప స్టాండు వేయించమనీ చెప్పాడు. రేపే కొలతలిస్తామన్నాము. మూకుడు దించుకుపోతున్న పిన్ని మెట్ల దగ్గర ఆగి, ఆ స్టాండును కొంచెం వెడల్పుగా, ఎప్పుడు కావలిస్తే అప్పుడు తీసుకునేలా చేయించమన్నది.