మొదటి శుభోదయం ఎవరిది?

విజయవాడ నగరంలో అరవై దాటిన మగవారి మధ్య నడుస్తున్న అత్యంత తీవ్రమైన పోటీ గురించి పత్రికలు ఒక్క ముక్క రాయడం లేదు. రాజధాని గురించి రాస్తారు, రహదారుల గురించి రాస్తారు. తెల్లవారుజామున వాట్సాప్ బృందంలో మొట్టమొదటి ‘శుభోదయం’ ఎవరిదన్న విషయం మాత్రం వారి కంటికి ఆనదు. ఉద్యోగ జీవితమంతా సీనియారిటీ జాబితాలో పేరు వెతుక్కున్న మనిషికి పదవీ విరమణ తర్వాత మిగిలిన ఏకైక జాబితా అది. దాన్ని తేలికగా తీసుకోవడం భావ్యం కాదు.

పూర్వం ఈ పోటీ సులువుగా ఉండేది. ముందు లేచినవారిదే పైచేయి. ఒక గులాబీ, పక్కన పొగలు కక్కే కాఫీ కప్పు, కింద ఎవరు చెప్పారో తెలియని సూక్తి. ఒకరు పంపింది ఇంకొకరికి పంపితే పని అయిపోయేది. అలా సాగుతుండగా మా సత్యనారాయణపురం బృందంలోని విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు గారు ఒక నిబంధన తెచ్చారు. ఫొటో సొంతంగా తీసినదై ఉండాలి. అందులోని సూర్యుడు ఆ రోజు సూర్యుడే అయి ఉండాలి. నిన్నటి సూర్యుడు చెల్లడు. ఆ నెలలోనే పెద్దలందరి ఫిక్స్‌డ్ డిపాజిట్లలోంచి తలా ఒక కెమెరా బయటికి వచ్చింది.

దానితో సమస్య తీరలేదు సరికదా, పెరిగింది. తెల్లవారేసరికి పున్నమి ఘాట్‌లో మెట్టుకొక ట్రైపాడ్ వెలిసింది. లెన్సులన్నీ తూర్పుకే, ప్రకాశం బ్యారేజీ వైపే. 1957 నుంచి కృష్ణమ్మకు అడ్డంగా నిలబడి ఉన్న ఆ బ్యారేజీ వెనక నుంచి సూర్యుడు లేస్తాడు. అందరికీ ఒకేసారి లేస్తాడు. ఇంతటి సమానత్వం ఏ పోటీకీ మంచిది కాదు. చలికాలంలో ఆరున్నర కొట్టగానే ఒకే నిమిషంలో డజనుకు పైగా శుభోదయాలు. అన్నింటిలోనూ అదే బ్యారేజీ, అదే సూర్యుడు, ఓ మూల పక్కవారి ట్రైపాడ్ కాలు.

ఈ ప్రతిష్టంభనను ఛేదించింది మళ్లీ ఇంజనీరు గారే. ఆయన వాదన పూర్తిగా శాస్త్రీయం. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ప్రకారం నడుస్తుంది. అది కాకినాడ దాపుల నుంచి పోతుంది. విజయవాడ దానికి పడమరగా, 80.6 దగ్గర ఉంది కాబట్టి మన సూర్యుడిది పుట్టుకతో వచ్చిన ఆలస్యం. అండమాన్ దీవులు 93 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క కడితే దాదాపు యాభై నిమిషాల ముందంజ. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే! పైగా ఆ దీవులు మనకన్నా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి చలికాలంలో ఇంకొన్ని నిమిషాలు కలిసివస్తాయి. డిసెంబరు మూడో వారంలో విజయవాడ సూర్యోదయం ఆరున్నరకైతే, స్వరాజ్ ద్వీప్‌లో, అంటే 2018 దాకా హేవ్‌లాక్ అని పిలిచిన దీవిలో, ఐదున్నర దాటీ దాటగానే. సుమారు గంట తేడా. పున్నమి ఘాట్‌లో జనం ఇంకా ఫ్లాస్కు మూత తిప్పుతుండగానే బృందంలో శుభోదయం పడి ఉంటుంది.

“ఏమండీ, ఒక్క గుడ్ మార్నింగ్ కోసం బంగాళాఖాతం దాటాలా?” అని ఆయన ఇల్లాలు అడిగారు. ఈ ప్రశ్నలో దూరదృష్టి లోపించింది. ప్రభుత్వానికి ఆ లోపం లేదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ను ప్రారంభించింది. ఖర్చు వెయ్యి కోట్లు దాటింది. అంతకుముందు ఉపగ్రహాన్ని నమ్ముకున్న ఆ దీవుల్లో ఒక ఫొటో కదలాలంటే కాఫీ చల్లారిపోయేది. కొత్త కేబుల్‌ను స్వరాజ్ ద్వీప్ దాకా తీసుకెళ్లారు. విద్య, వైద్యం, బ్యాంకింగ్ కోసమని అధికారికంగా ప్రకటించారు గానీ, మన దేశంలో ఏ సౌకర్యమైనా మొట్టమొదట దేనికి వాడతామో తెలియనంత అమాయకులు ఢిల్లీలో లేరు.

ద్వీపమే కావాలంటే భవానీ ద్వీపం లేదా అని కొందరు పొదుపరులు అడ్డుతగిలారు. సాంకేతికంగా వారిది గట్టి వాదన. పున్నమి ఘాట్‌లో పడవ ఎక్కితే చాలు. అది 133 ఎకరాల ద్వీపం. కర్కట రేఖకు దక్షిణాన ఉంది కాబట్టి ఉష్ణమండల ద్వీపం కూడా. మే నెలలో విజయవాడలో గడిపినవారెవరూ దీనికి రుజువు అడగరు. అయితే అక్కడా సూర్యుడు ఆరున్నరకే లేస్తాడు. ఇంకొకాయన 2024 సెప్టెంబరును గుర్తుచేశారు. బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో ప్రతి మేడనూ ఒక్కొక్క ద్వీపం చేసింది కదా, అప్పుడు కెమెరాలు ఎక్కడికి పోయాయని. పోలేదు, వచ్చాయి. పడవల్లో వచ్చిన పెద్దలు ఫొటోలు దిగి వెళ్లారు. డాబాల మీద పాలప్యాకెట్ కోసం చూస్తున్నవారికి శుభోదయం పంపాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడే అసలు కథ ఉంది. అండమాన్‌లో మే నుంచి నైరుతి వానలు, ఆ తర్వాత ఈశాన్య వానలు. ఫొటోలకు అనువైన కాలం డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అని తెలిసినవారంతా చెబుతారు. ఆ తెలిసినవారెవరికీ తెలుగు ఇల్లు తెలియదు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది. లోకమంతా చీకటితో లేచి తిరుప్పావై వింటుంటే ఈయన కెమెరా పట్టుకొని ఇసుకలో బోర్లా పడుకుంటానంటే ఇల్లాలు ఒప్పుకోరు. జనవరిలో సంక్రాంతి, కూతురూ అల్లుడూ వస్తారు. మాఘమాసం పెళ్లిళ్లది. శుభలేఖ ఇచ్చినవారిని కాదని సముద్రానికి పోతే మన ఇంట్లో శుభకార్యానికి ఎవరొస్తారు? మార్చిలో మనవడి పరీక్షలు. రాసేది మనవడే అయినా ఊళ్లో ఉండాల్సింది తాతగారు. ఏప్రిల్‌లో మామిడికాయలు దిగుతాయి. ఆవకాయ పెట్టే వారంలో జాడీలు దించే మగమనిషి ఇల్లు వదలడమన్నది కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంతవరకు జరగలేదు. ఇవన్నీ తీసేయగా శాస్త్రోక్తంగా మిగిలేది మాఘంలో ముహూర్తాలు లేని నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజుల్లో అమావాస్య ఉంది. ఇంజనీరు గారికి సరిగ్గా అదే కావాలి, ఎందుకంటే మా బృందంలో ‘శుభరాత్రి’ విభాగం కూడా ఉంది. చంద్రుడు లేని రాత్రి అయితేనే సముద్రం మీద పాలపుంత కెమెరాకు చిక్కుతుంది. స్వరాజ్ ద్వీప్ తీరంలో కొన్ని సూక్ష్మజీవుల వల్ల అలలు నీలంగా మెరిసే దృశ్యం కూడా చీకటి రాత్రుల్లోనే బాగా తెలుస్తుంది. “అమావాస్య పూట ప్రయాణమేమిటండీ” అని ఇంట్లో అభ్యంతరం. వ్యవహారం సిద్ధాంతి గారి దాకా వెళ్లింది. ఆయన సుప్రీంకోర్టు స్థాయిలో తీర్పు చెప్పారు. అమావాస్యనాడు బయలుదేరకూడదు, ముందే వెళ్లి అమావాస్యనాడు అక్కడ ఉండకూడదని మాత్రం ఎక్కడా లేదు. పైగా అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువ, ఆటు కూడా ఎక్కువ. నీళ్లు బాగా వెనక్కి తీసినప్పుడే ఆ పక్కనే ఉన్న శహీద్ ద్వీప్ అనే దీవిలోని సహజ రాతి వంతెన దాకా నడిచి వెళ్లడానికి వీలు. ఆ లెక్కన ఫొటోగ్రాఫర్లకు పంచాంగానికి మించిన మార్గదర్శి లేదు. ఒక్క వర్జ్యం విషయంలోనే విమాన సంస్థలు మొండికేస్తున్నాయి.

ఓడలో పోతే చవక కదా అని మళ్లీ పొదుపరులు. చెన్నై నుంచి గానీ విశాఖ నుంచి గానీ ఓడ రెండు మూడు రోజులు తీసుకుంటుంది. నడిసముద్రంలో సిగ్నల్ ఉండదు. అన్ని శుభోదయాలు పోగొట్టుకున్నాక ఇక యాత్ర ఎందుకు?

గవర్నర్‌పేటలోని ఏజెంటు దగ్గర ఉన్నవన్నీ కొత్త దంపతుల ప్యాకేజీలే. మంచం మీద తువ్వాళ్లతో చేసిన హంసల జంట, వాటి మధ్య గులాబీ రేకులు, రాత్రికి కొవ్వొత్తుల వెలుగులో భోజనం. కేకు ఉచితం. ఇంజనీరు గారికి చక్కెర వ్యాధి కాబట్టి కేకు బదులు రాయితీ అడిగారు, ఇవ్వలేదు. అసలు చిక్కు వేరే ఉంది. స్వరాజ్ ద్వీప్‌లో పేరున్న రాధానగర్ తీరం పడమటి వైపు ఉంటుంది. అక్కడ దొరికేది అస్తమయం. ఉదయం కావాలంటే తూర్పున ఉన్న కాలాపత్థర్ తీరానికి పోవాలి. “తప్పకుండా సార్, టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయలుదేరదాం” అన్నాడు ఏజెంటు. తొమ్మిదింటి సూర్యుడిని ఏం చేసుకోవాలి? నాలుగున్నరకే కారు కావాలంటే ఆ కుర్రవాడు పెద్దాయనను పైకీ కిందకూ చూసి, “ఆరోగ్యం బాగానే ఉంది కదా సార్” అన్నాడు.

కొందరు అక్రమార్కులు రాధానగర్ అస్తమయాన్ని తీసి దాచుకొని మర్నాడు ఉదయమని పంపుతున్నట్టు తెలుస్తోంది. ఫొటోలో ఏది తూర్పో ఏది పడమరో చెప్పగల నిపుణులు మన రాష్ట్రంలో కొరతగా ఉన్నారు. ప్రభుత్వం వెంటనే ఒక కమిటీ వేయాలి.

సామాను సర్దడం మీద ఒక గ్రంథమే రాయవచ్చు. కెమెరా బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, అడుగున వేసే పెట్టెలో పెట్టనివ్వరు. ఆవకాయ అడుగున వేసే పెట్టెలోనే ఉండాలి, చేతిసంచిలో రానివ్వరు. తెలుగు దంపతులు ఈ రెండింటినీ తారుమారు చేసి సర్దడంలో సిద్ధహస్తులు. చేతిసంచికి ఏడు కిలోలే అనుమతి. పెద్ద లెన్సు, రక్తపోటు మాత్రలు, గోంగూర పచ్చడి, మోకాలి పట్టీ, ఫిల్టర్లు, అల్లం మురబ్బా, వీటిలో దేన్ని వదలాలి అన్న చర్చలో ఎప్పుడూ ట్రైపాడే బలవుతుంది. మాత్రల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలను ఏడాదిగా పోగు చేసి, నాన్న మనసు లెన్సుల మీద పడిందని అమెరికాలోని కొడుకును కలవరపెట్టిన ఇంజనీరు గారు వాటిని పాత పంచె ముక్కలో మూట కట్టి సంచి మూలల్లో కూరారు. ఆ గాలిలో తేమ ఎక్కువ. ఏసీ గదిలో రాత్రంతా చల్లబడిన లెన్సును తెల్లవారుజామున బయటికి తీస్తే దాని మీద ఆవిరి పట్టేస్తుంది. అది ఆరేలోగా సూర్యుడు పైకి వచ్చేస్తాడు. ఇందుకు కెమెరా కంపెనీలు ఏవేవో ఉపాయాలు చెబుతాయి. ఇల్లాలి మోకాళ్ల నొప్పుల వల్ల ఆ గదిలో ఏసీ ఎటూ వేయరు కాబట్టి లెన్సుకు ఏ భయమూ లేదు.

కంటి సంగతి కూడా చెప్పాలి. వయసుతో కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, నీలం మసకబారుతుంది. శుక్లాల ఆపరేషన్ అయి కొత్త లెన్సు పడ్డాక నీలం ఒక్కసారిగా విరగబడి కనిపిస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1923లో ఆపరేషన్ చేయించుకున్నాక రంగుల విషయంలో నానా తంటాలూ పడ్డాడు. మా బృందంలో ఒక కంటికి మాత్రమే ఆపరేషన్ అయినవారు ఇద్దరున్నారు. ఏ కంటితో చూసి రంగు దిద్దారో వారి ఫొటో చూసి చెప్పవచ్చు. అండమాన్ సముద్రం ఎంత నీలమన్న విషయంలో ఆ ఇద్దరికీ వచ్చిన తగాదా బందరు రోడ్డు దాకా వినిపించింది.

కాలనీలో అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. “ఆదివాసుల ఫొటోలు తెస్తారా?” తేరు. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు పోయే దారి జరావా అనే ఆదిమ తెగవారి అడవి గుండా వెళుతుంది. వాహనాలను గుంపులుగా, కాపలాతో పంపుతారు. ఆపకూడదు, దిగకూడదు, కెమెరా ఎత్తకూడదు, ఎత్తితే జైలు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను 2012లో ఇంకా బిగించారు, బిగించవలసి వచ్చేలా మనవాళ్లు ప్రవర్తించారు గనుక. పుష్కరాల్లో తడిబట్టలతో ఉన్న మనల్ని బస్సు కిటికీలోంచి ఎవరైనా బిస్కెట్ చూపించి ఫొటో తీస్తే ఎలా ఉంటుందో ఆ ప్రశ్న అడిగేవారు ఒక్కసారి ఊహించుకుంటే మంచిది.

అంతా ఖాయమై టికెట్లు కూడా కొన్నాక రెండు పిడుగులు పడ్డాయి. పటమటలోని లెక్కల మాస్టారు అరుణాచల్‌ప్రదేశ్‌లోని డాంగ్ గ్రామానికి ప్రయాణం కట్టారు. దేశంలో తొలి పొద్దు పొడిచేది అక్కడేనని పేరు. 97 డిగ్రీల తూర్పు! ఇంజనీరు గారు ఒక రాత్రంతా లెక్కలు వేసి తేరుకున్నారు. వేసవిలో డాంగ్‌దే గెలుపు. నడి చలికాలంలో మాత్రం ఉత్తరాదిన పొద్దు ఆలస్యం కాబట్టి అండమాన్‌లోనే పావుగంట ముందు తెల్లవారుతుంది. 2000 జనవరి 1న కొత్త సహస్రాబ్ది తొలి కిరణమని పెద్ద ప్రచారం జరిగింది కూడా నికోబార్‌లోని కచ్చాల్ దీవి గురించే కదా అన్నారు. అయితే మాఘానికి వచ్చేసరికి ఆ పావుగంట ఎంత కరిగిపోతుందన్నది ఆయన ఇంకా ఇంట్లో చెప్పలేదు.

రెండో పిడుగు ఆక్లాండ్ నుంచి. కూతురి పురుటికని న్యూజిలాండ్ వెళ్లిన విశ్రాంత తహసీల్దారు గారు అక్కడి సూర్యోదయం పంపారు. మనకు రాత్రి పదిన్నర. జనం మాత్రలు వేసుకొని దుప్పటి కప్పుకుంటున్న వేళ బృందంలో రేపటి శుభోదయం మోగింది. ఇది రేపటికి మొదటిదా, ఈ రోజుకు చివరిదా? నిబంధనల్లో ‘ఆ రోజు సూర్యుడు’ అని ఉంది గానీ ఏ దేశపు రోజో లేదు. విదేశీ సూర్యుడిని అనుమతించరాదని ఇంజనీరు గారు తీర్మానం ప్రతిపాదించారు. పిల్లలు విదేశాల్లో ఉన్న సభ్యులు ఒక్కటై దాన్ని వ్యతిరేకిస్తున్నారు, సంఖ్యాబలం వారిదే. వచ్చే ఆదివారం మున్సిపల్ స్టేడియంలో ఉదయపు నడక ముగిశాక ఓటింగ్. ఈలోగా ఏజెంటు ఫోను చేసి, రద్దు చేసుకుంటే విమానం డబ్బు తిరిగి రాదని, హంసలది మాత్రం వస్తుందని చెప్పాడు.