ముప్పై తొమ్మిదో పేరు

2019 మే 1న జపాన్ సింహాసనం ఎక్కిన నరుహితోను అందరూ 126వ చక్రవర్తి అంటారు. మేమూ అలాగే రాస్తాం. ఆ లెక్క ఎవరు కట్టారని అడిగితే మాత్రం 39వ పేరు దగ్గర ఆగాల్సి వస్తుంది. ఆ పేరు కోబున్. బతికుండగా ఆయన్ని ఎవరూ అలా పిలవలేదు. చనిపోయిన 1,198 ఏళ్లకు, 1870లో మెయిజీ ప్రభుత్వం పెట్టిన పేరది. అసలు పేరు ఓతోమో.

648లో పుట్టాడు. తండ్రి తెంజి చక్రవర్తి. తల్లి ఇగా ప్రాంతం నుంచి కొలువుకు వచ్చిన స్త్రీ, రాజవంశీకురాలు కాదు. ఆ దర్బారులో ఇది చిన్న లోటేమీ కాదు. అయినా 671లో తెంజి కొడుకును మంత్రులందరి మీదా పెద్దగా కూర్చోబెట్టాడు. అప్పటిదాకా వారసుడనుకున్నది తెంజి తమ్ముడు ఓఅమాను. జబ్బుపడిన అన్న పిలిచి రాజ్యం అప్పగిస్తానంటే, ఓఅమా వద్దన్నాడు. తల గొరిగించుకుని యోషినో కొండలకు వెళ్లిపోయాడు. పులికి రెక్కలు కట్టి వదిలారని అప్పుడే ఎవరో అన్నారట. ఈ ఓఅమా ఓతోమోకు బాబాయే కాదు, పిల్లనిచ్చిన మామ కూడా. మన వరసల్లో బాబాయి కూతురంటే చెల్లెలే గానీ, ఆ రాజకుటుంబంలో అలాంటి పెళ్లిళ్లు మామూలే.

672 జనవరిలో బివా సరస్సు ఒడ్డున ఓత్సు రాజధానిలో తెంజి కన్నుమూశాడు. జులైలో పులి కొండ దిగింది. వెంట బయల్దేరింది కొద్దిమందే. కానీ దారిలో ఇగా తగిలింది. ఓతోమో తల్లి పుట్టిన ఆ నేల మీదే స్థానిక అధికారులు కొన్ని వందల మందితో వచ్చి ఓఅమా పక్షం చేరారు. 663లో కొరియా తీరంలో ఓడిన యుద్ధం, జనానికి ఇష్టం లేకపోయినా 667లో రాజధాని మార్చడం, ఈ తండ్రి అప్పులన్నీ కొడుకు నెత్తిన పడ్డాయి. ఓఅమా ఫువా కనుమ మూసేసరికి తూర్పు నుంచి ఓత్సుకు సైన్యం వచ్చే దారి లేకపోయింది.

ఆఖరి పోరు సెతా వంతెన దగ్గర. ఓతోమో మనుషులు వంతెన నడిమి పలకలు పీకేసి, ఒక్క పొడవాటి పలక వేసి, దానికి తాడు కట్టారు. ఎవరైనా అడుగు పెడితే లాగేయడమే. అవతలి వైపు ఒక యోధుడు ఈటె పారేసి, కవచం మీద కవచం తొడిగి, కత్తి దూసి ఆ పలక మీదుగా దూసుకొచ్చాడు. తాడు తెగింది, సైన్యం చెదిరింది. మరునాడు యమసాకిలో ఓతోమో ప్రాణం తీసుకున్నాడు. తండ్రి పోయి ఎనిమిది నెలలైనా నిండలేదు. గెలిచిన ఓఅమా తెమ్ము చక్రవర్తి అయ్యాడు.

ఆయన పట్టాభిషేకం 673లో జరిగింది. 720లో పూర్తయిన ‘నిహోన్ షోకి’ అనే అధికారిక చరిత్ర గ్రంథం మాత్రం ఆయన మొదటి ఏడుగా 672నే లెక్కేసింది. ఓతోమోకు రాజుగా ఒక్క రోజు కూడా మిగలలేదు. ఆ గ్రంథ సంకలనాన్ని నడిపించింది తెమ్ము కొడుకు తొనేరి. ఇక చెప్పేదేముంది! 751 నాటి ‘కైఫూసో’ కవితా సంకలనం మాత్రం ఓతోమో పద్యాలు రెండింటితోనే మొదలవుతుంది.

అయితే 1870 నిర్ణయాన్ని ఆలస్యంగా దక్కిన న్యాయమని పొగడటానికి మేము సిద్ధంగా లేం. ఓతోమోకు పట్టాభిషేకం జరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. ఆయన్ని రాజుల్లో చేర్చాలని మితో సంస్థాన పండితులు ముందే వాదించారు, నిజమే. కానీ కొత్తగా అధికారంలోకి వచ్చిన మెయిజీ ప్రభుత్వానికి కావాల్సింది ఎక్కడా తెగని వంశావళి. తండ్రికీ బాబాయికీ మధ్య ఖాళీ కనిపించకూడదు. చారిత్రక ఆధారాలు లేని జిమ్ము అదే జాబితాలో మొదటివాడు. 1926లో చోకేయి అనే మరో పేరు కూడా చేర్చారు. 126 అనేది చరిత్ర ఇచ్చిన అంకె కాదు, ప్రభుత్వాలు కట్టిన లెక్క. పాఠ్యపుస్తకాలు ఆ ముక్క కూడా చెప్పాలి.

తప్పంతా గెలిచిన బాబాయి మీద నెట్టడమూ కుదరదు. ఆయన వంశం 770లో ఆగిపోయి, తెంజి మనవడు కోనిన్ సింహాసనం ఎక్కాడు. అప్పటి నుంచి ఏలిందంతా ఓతోమో తండ్రి వంశమే. అయినా ఓతోమో పేరు జాబితాకెక్కడానికి ఆ తర్వాత కూడా 1,100 ఏళ్లు పట్టింది.